ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది, ఆపేది మాత్రం టైరే

సంపాదకులకు నమస్కారం.

క్రిస్మస్, సంక్రాంతి సెలవులు వస్తున్నాయంటే మన కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి సొంత బండ్లలో మనాలికో కశ్మీరుకో బయలుదేరేవాళ్లు ఉంటారు. డోన్, గుత్తి, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారినే పట్టుకుంటే నేరుగా శ్రీనగర్ చేరుస్తుంది కాబట్టి దారి వెతుక్కునే పని కూడా లేదు. చేతిలో థారో, జిమ్నీయో, స్కార్పియో-ఎన్నో ఉంటే ఇంట్లోవాళ్లకు చెప్పే ధైర్యం ఒకటే: "ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కదా, మంచులో భయమేముంది?" ఈ మాటలో సగమే నిజం. తెలియని మిగతా సగం ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

ఇంజన్ బలం రెండు చక్రాలకు పోతుందా, నాలుగింటికీ పోతుందా అన్నది బండి కదిలేటప్పుడే లెక్కకు వస్తుంది. బ్రేకు తొక్కితే ఆల్టోకైనా ఫార్చ్యూనర్‌కైనా నాలుగు చక్రాలకూ పడుతుంది. ఆగే విషయంలో ఫోర్ వీల్ వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ఒక మోసం కూడా ఉంది. రెండు చక్రాలకే బలం పోయే కారు అయితే కదిలేటప్పుడే చక్రం గిర్రున తిరిగి, రోడ్డు జారుతోందని హెచ్చరిస్తుంది. ఫోర్ వీల్ బండి మామూలు రోడ్డు మీద పోయినట్టే పోతుంది. జారుడు సంగతి డ్రైవరుకు మొదటిసారి తెలిసేది మలుపులో బ్రేకు తొక్కినప్పుడే.

లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడిన చోటి నుంచి పొడి తారు మీద బండి సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. నలిగిన మంచు మీద 30 మీటర్లు దాటుతుంది. గాజులా గడ్డకట్టిన పొర మీద 60 మీటర్లు కూడా చాలవు. కాలు బ్రేకు మీదికి వెళ్లే ఒక్క సెకనులో పోయే 11 మీటర్లు దీనికి అదనం. అదే 20లో పోతే మంచు మీద 8, గాజు పొర మీద 16 మీటర్లు. వేగం సగమైతే దూరం పావు వంతుకు పడిపోతుంది. మంచులో డ్రైవరు చేతిలో నిజంగా ఉన్న బలం ఇదొక్కటే.

మన భాషలో పొగమంచూ మంచే, గడ్డా మంచే, ఆకాశం నుంచి రాలిపడేదీ మంచే. నడిపేవాడికి మాత్రం ఇవి వేరు వేరు రోడ్లు. కొత్తగా పడిన పొడి మంచు, అదీ మైనస్ పదిలో, కాస్త పట్టు ఇస్తుంది. వందల బండ్లు తొక్కి నునుపు చేసిన మంచు అంత ఇవ్వదు. అన్నిటికంటే చెడ్డది మధ్యాహ్నం కరిగి సాయంత్రం మళ్లీ గడ్డకట్టిన పలచని పొర. అడుగున తారు నల్లగా కనిపిస్తూనే ఉంటుంది, రోడ్డు తడిగా ఉందనుకుంటాం. సున్నా డిగ్రీల దగ్గర దాని మీద సన్నటి నీటి పొర నిలుస్తుంది కాబట్టి బాగా చలిగా ఉన్నప్పటి కంటే అప్పుడే ఎక్కువ జారుతుంది. కొండ నీడలో, వంతెనల మీద, సొరంగాల నోళ్ల దగ్గర దీన్ని అనుమానించాలి. మనాలి దగ్గరి అటల్ సొరంగంలో 9 కిలోమీటర్లు పొడి రోడ్డు మీద హాయిగా వచ్చి, మూడు వేల మీటర్లకు పైన ఉన్న ఉత్తరపు నోటి దగ్గర బయటపడగానే చంద్రా నది వంతెన వస్తుంది. సొరంగంలోని వేగాన్ని అక్కడిదాకా తీసుకుపోకూడదు. ఒక గుర్తు: టైర్ల కింద కరకర చప్పుడు హఠాత్తుగా ఆగి, స్టీరింగ్ చేతిలో తేలికైపోతే మీరు గాజు పొర మీద ఉన్నట్టే. అప్పుడు బ్రేకు వద్దు, గేరు మార్చొద్దు, స్టీరింగ్ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీయండి, చాలు.

మన డ్రైవర్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. నల్లరేగడి బురదలో బండి నడిపిన చేతులు మనవి. వానాకాలం పొలం దారిలో టైరు గాళ్లలో బంకమట్టి నిండితే యాక్సిలరేటర్ తొక్కి చక్రాన్ని గట్టిగా తిప్పుతాం. మట్టి ఎగిరిపడి, టైరు బటన్లు (గాళ్ల మధ్య ఉండే రబ్బరు దిమ్మలు) శుభ్రమై, మళ్లీ పట్టు దొరుకుతుంది. బురదలో అది సరైన పనే. మంచులో సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేయాలి. మంచుకు మంచే బాగా అంటుకుంటుంది. టైరు గాళ్లలో ఇరుక్కున్న మంచు కింది మంచును పట్టుకుని బండిని లాగుతుంది. చక్రాన్ని ఊరికే తిప్పితే ఆ మంచు ఊడిపోతుంది, రాపిడి వేడికి కిందిది కరిగి, క్షణంలో గాజులా గడ్డకడుతుంది. తొక్కేకొద్దీ మీ గుంటను మీరే నున్నగా పాలిష్ చేసుకున్నట్టు. అందుకే మాన్యువల్ బండిని రెండో గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ కదిలించాలి. చక్రం తిరిగిందా, వెంటనే కాలు తీసేయాలి.

టైర్లలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. పెద్ద పెద్ద గాళ్లున్న బటన్ టైరు చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, బురదకు మేలైనదే. గట్టిపడిన మంచు మీద మాత్రం మామూలు టైరు కంటే అధ్వానం కావచ్చు. దాని రబ్బరు గట్టిది, రోడ్డును తాకే అంచులు తక్కువ. వింటర్ టైరును దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. ఒక్కో బటన్ మీద బ్లేడుతో కోసినట్టు వంకర టింకర చీలికలు వరసగా ఉంటాయి. బొటనవేలితో నొక్కితే పుస్తకం అంచు పేజీల్లా విడిపోతాయి. రోడ్డు మీద ఆ చీలికల అంచులు ఒక్కొక్కటీ మంచును గీరి పట్టుకుంటాయి, గడ్డ మీది నీటి పొరను లోపలికి తీసుకుంటాయి. రబ్బరు కూడా వేరు. మన ఎండలకు పనికొచ్చే మామూలు టైరు సుమారు 7 డిగ్రీల నుంచే బిగుసుకోవడం మొదలవుతుంది. సిలికా, సహజ రబ్బరు పాళ్లు పెంచి చేసిన వింటర్ టైరు గడ్డకట్టే చలిలోనూ మెత్తగానే ఉంటుంది.

కొనేటప్పుడు టైరు పక్క గోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పువ్వు ఉన్న గుర్తు వెతకండి. నలిగిన మంచు మీద పరీక్షలో నెగ్గిన టైరుకే అది పడుతుంది. "ఎం ప్లస్ ఎస్" (M+S, అంటే బురద, మంచు) అక్షరాలు మాత్రమే ఉంటే నమ్మొద్దు. గాళ్ల ఆకారం చూసుకుని కంపెనీ తనంతట తాను వేసుకునే ముద్ర అది, పరీక్ష అక్కర్లేదు. కొండ గుర్తు కూడా గాజు పొర మీద బ్రేకుకు హామీ కాదని తెలిసి ఉండాలి. సైజు కంపెనీ ఇచ్చిందే వేయండి, జిమ్నీకైతే 195/80 ఆర్ 15. వెడల్పాటి టైరు మంచు పైన తేలుతుంది, సన్నటిది కోసుకుని కిందికి దిగుతుంది. రోడ్డు మీది మంచుకు సన్నటిదే మేలు. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి: 3824 అంటే 2024లో 38వ వారం తయారీ. ఐదారేళ్లు దాటినది గాళ్లు నిండుగా ఉన్నా వద్దు, రబ్బరు ఎండిపోతుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు చాలంటుంది గానీ, మంచుకు 4 కంటే తగ్గితే ఆ టైరు పని అయిపోయినట్టే. నాలుగూ ఒకే రకం వేయాలి. ముందు రెండే మారిస్తే ముందు భాగం పట్టుకుంటుంది, బ్రేకు తొక్కగానే వెనక భాగం తిరిగి ముందుకొస్తుంది. కొత్త టైర్ల మీద అచ్చు నుంచి వచ్చిన నూనె పొర పోవడానికి తొలి 300 నుంచి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి.

అలాగని పది రోజుల యాత్రకు వింటర్ టైర్లు కొనమని మేం చెప్పం. మన వేసవి తారు మీద అవి అరిగిపోతాయి, ఆగే దూరమూ పెరుగుతుంది. యాత్రకు పోయేవాళ్లకు కొండ గుర్తున్న ఆల్ టెర్రెయిన్ (తారుకూ మట్టికీ పనికొచ్చే) టైర్లు సరిపోతాయి, వెంట టైర్లకు చుట్టే గొలుసులు ఉండాలి. అవి లేకపోతే బండిని మనాలిలో వదిలి అక్కడి డ్రైవరుతో పోవడమే మంచి పని. మంచు పడ్డప్పుడు మనాలి పైనున్న సోలంగ్ దాటి ఫోర్ వీల్ బండ్లనే వదలడం ఉంటుంది. వదిలారు కదా అని మీ టైర్లు పనికొస్తాయని కాదు.

గాలి సంగతి. ఐదారు డిగ్రీలు చల్లబడితే టైరులో ఒక పాయింటు (పీఎస్‌ఐ) చొప్పున తగ్గుతుంది. అనంతపురంలో 35 డిగ్రీల ఎండలో 33 పాయింట్లు కొట్టించిన టైరులో, మైనస్ 5లో ఆరు పాయింట్ల దాకా తగ్గి సుమారు 27 మిగులుతుంది. ఎత్తుకు పోయాక బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి గేజి మీద రెండు మూడు తిరిగి కనిపిస్తాయి. ఈ లెక్కలన్నీ ఎందుకు, అక్కడికి చేరాక పొద్దున్నే బండి కదలకముందు చూసి, డోరు దగ్గరి స్టిక్కరు చెప్పినంత కొట్టించండి.

ఇక ఫోర్ వీల్ వేసే లివరు (కొన్ని బండ్లలో స్విచ్చు). థార్, జిమ్నీ, స్కార్పియో-ఎన్ లాంటి బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య వేగపు తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం) వేయగానే ఇరుసులు రెండూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరుగుతాయి. మంచు మీదైతే ఆ తేడా జారి సర్దుకుంటుంది, పొడి తారు మీద సర్దుకోదు. బండి ఎవరో వెనక్కి లాగినట్టు బిగుసుకుంటుంది, టైర్లు కీచుమంటాయి, ఇంజన్ బలాన్ని ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది. లివరు తిరిగి 2హెచ్‌లోకి (రెండు చక్రాలకే బలం) రాకపోతే తిన్నగా కొన్ని మీటర్లు రివర్సు పోండి, వదులవుతుంది. మంచు, తారు మార్చి మార్చి వచ్చే దారిలో ఓపికగా లివరు మారుస్తూ ఉండాల్సిందే. 4ఎల్ (నెమ్మదిగా పోవడానికి, ఎక్కువ లాగుడుకు) మాత్రం బండి ఆపి, న్యూట్రల్ చేసి వేయాలి. గ్రాండ్ విటారాలోని ఆల్‌గ్రిప్, హైరైడర్‌లోని ఆల్ వీల్ డ్రైవ్ అయితే బలం ఏ చక్రాలకు పంపాలో తనే చూసుకుంటుంది, లోతైన మంచుకు అది సరిపోదు.

దిగుడులోనే ఎక్కువ ప్రమాదం. గువ్వలచెరువు ఘాట్‌లో లారీలు తక్కువ గేరులో దిగినట్టే దిగాలి, ఒక్క తేడాతో. మంచు మీద గేరు తగ్గించి క్లచ్ టక్కున వదిలితే ఇంజన్ పట్టు నాలుగు చక్రాలనూ ఒకేసారి బిగించి బండిని జార్చేస్తుంది. గేరు దిగుడుకు ముందే వేసుకుని, క్లచ్ నిదానంగా వదలాలి. ముందు చక్రాలు మాట వినకపోతే స్టీరింగ్ ఇంకా తిప్పకండి, కాస్త సడలించండి, పట్టు తిరిగొస్తుంది. వెనక భాగం ఊగితే బ్రేకు ముట్టకుండా, చూపూ స్టీరింగూ మీరు పోవాల్సిన వైపే ఉంచండి. ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో గట్టిగా తొక్కితే బ్రేకు పెడల్ కాలికి కొట్టుకుంటుంది. అది చెడిపోవడం కాదు, కాలు తీయకండి.

గొలుసులు ఎక్కుడు మొదలుకాకముందే, చదునైన చోట వేసుకోవాలి. వీలైతే నాలుగింటికీ వేయండి. ఒక్క జతే ఉంటే బండి పుస్తకం చెప్పిన చక్రాలకే. వంద మీటర్లు పోయి ఆగి మళ్లీ బిగించాలి. వేగం 40 దాటకూడదు. తారు కనిపించగానే తీసేయాలి.

బయలుదేరే ముందు రేడియేటర్ చూడండి. మన దగ్గర బోరు నీళ్లతో నింపేసే అలవాటు ఉంది. నీళ్లు గడ్డకడితే తొమ్మిది శాతం ఉబ్బి ఇంజన్ బ్లాకును పగలగొడతాయి. సగం గ్లైకాల్ కూలెంటు, సగం శుద్ధి చేసిన నీళ్లు పోస్తే మైనస్ 35 దాకా భయం లేదు. అద్దం కడిగే డబ్బాలో నీళ్లకూ ఇదే సంగతి. డీజిల్ బండైతే మన పంపు నూనెతో ట్యాంకు నింపి కొండెక్కకండి. చలికి అందులోని మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. లద్దాఖ్ కోసం మైనస్ 33లోనూ పారే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చింది. ట్యాంకు తగ్గించుకుని వచ్చి, కొండ ప్రాంతపు బంకులో చలికి తగ్గ డీజిల్ ఉంటే అదే పోయించుకోండి. రాత్రి హ్యాండ్ బ్రేకు వేసి వదిలితే తెల్లారేసరికి పట్టేసి ఉండొచ్చు. గేరులో పెట్టి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.

మంచులో చిక్కుకుపోతే ఇంజన్ వేసుకుని, అద్దాలు మూసుకుని నిద్రపోవద్దు. దయచేసి ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పండి. పడే మంచు సైలెన్సరు గొట్టాన్ని మూసేస్తే పొగ లోపలికి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో మంచులో నిలిచిపోయిన బండ్లలో ఇరవై మందికి పైగా చనిపోయారు, పిల్లలతో సహా. గంటకు పది నిమిషాలే ఇంజన్ వేయండి. ప్రతిసారీ ముందు దిగి గొట్టం చుట్టూ మంచు తోడేయండి. ఒక కిటికీ వేలెడంత తెరిచి ఉంచండి. ఒక పార, కంబళ్లు, నీళ్లు బండిలో ఉండాలి.

అమెరికా, కెనడాల్లో చదువుకుంటున్న మన పిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట. అక్కడ పాత కారు కొనేటప్పుడు "ఆల్ వీల్ డ్రైవ్ ఉంది" అంటే తృప్తి పడకండి, టైర్ల మీద కొండ గుర్తు ఫొటో పంపమని అడగండి. "ఆల్ సీజన్" అని రాసి ఉన్న టైర్లన్నీ చలికాలపు టైర్లు కావు. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేని కారు నడపడం నేరం.

సెలవుల ముందు మీ పత్రికలో మనాలి, కశ్మీరు యాత్రల వివరాలు వేసేటప్పుడు, ఆ మూడు శిఖరాల గుర్తు బొమ్మను కూడా పెద్దదిగా ఒకసారి అచ్చు వేయమని కోరుతున్నాం.

ఇట్లు,
టైరు, వీల్ అలైన్‌మెంట్ పనివాళ్లం,
అనంతపురం