ఆ పొట్లం మీద పేరేదీ?

సంపాదకుల వారికి,

మా అమ్మకు కీళ్లవాతం వచ్చి ఆరేళ్లయింది. వయసుతో వచ్చే మోకాళ్ల నొప్పి కాదు, ఒంట్లోని రోగనిరోధక శక్తే దారి తప్పి కీళ్ల మీద పడే రకం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. ఆయుర్వేదంలో దీనికి దగ్గరగా కనిపించేది ఆమవాతం. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడుచుకోవు. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగుతుంది. సంగటి కట్టె పట్టి చాన్నాళ్లయింది.

నాకు ఆయుర్వేదమంటే చులకన లేదు. జబ్బును అదుపులో పెట్టడానికి వారానికి ఒక్కరోజు వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర నడుస్తుండగానే, చదువుకున్న ఆయుర్వేద డాక్టరు ఒకాయనకు చూపించాం. ఆయన ముందు అడిగింది ఇంగ్లిష్ మందుల చీటీ, లివర్ టెస్టు రిపోర్టు. ఆ మాత్ర ఆపొద్దని గట్టిగా చెప్పాడు. వేడి ఇసుక మూటతో కాపడం, శొంఠి నీళ్లు, రాత్రిపూట పెరుగు మానేయడం... ఇంతే. కీళ్లు వాచి ఉన్నప్పుడు నూనె మర్దన వద్దన్నాడు. మేం రోజూ చేస్తున్నది అదే! ఒంటి అడవిలో తిరిగే ఆమవాతమనే ఏనుగుకు ఆముదమే సింహమని పాత శ్లోకం ఉందట. ఆముదం పండించే అనంతపురం వాళ్లం, మాకది ఆయన చెబితే తెలిసింది. జబ్బు పోలేదు కానీ కాపడం పెట్టిన రోజు చేతులు కాస్త తొందరగా వదులవుతాయి.

చిక్కు వచ్చింది ఇంకోచోట. సంతలో ఒకాయన అమ్మిన పొడికి నాలుగు రోజుల్లో నొప్పి మాయమైంది. ముఖం నిండుగా అయితే ఇరుగుపొరుగు 'కళొచ్చిందే' అన్నారు. అమ్మ మాత్ర మానేసింది. మూడు నెలలకు షుగర్ పెరిగింది, రెండు వేళ్లు వంకరపోయాయి. పొడిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చని డాక్టరు అనుమానం. పరీక్షకు పంపుదామంటే చిటికెడు కూడా మిగల్లేదు. పొట్లం మీద పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, తయారైన తేదీ లేదు.

తయారుచేసి అమ్మే ఆయుర్వేద మందు మీద ఇవన్నీ ఉండాలని ఔషధ నిబంధనలు చెబుతున్నాయి. కీళ్లవాతం నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అయినా గోడల మీద ఆ రాతలే. 'ఇమ్యూనిటీ పెంచుతాం' అనే బోర్డు చూస్తే నాకు నవ్వూ భయమూ కలిసి వస్తాయి, మా అమ్మ బాధే ఆ ఇమ్యూనిటీ తోక తొక్కిన పాములా లేవడం గదా! ఇమ్యూనిటీ కోసమని తిప్పతీగ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్నదని 2021లో ముంబై డాక్టర్లు రాస్తే ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఆ వాదన వాళ్లు తేల్చుకుంటారు. ఈలోగా ఆకో పొడో వాడేవాళ్లు డాక్టరుకు ఆ మాట చెప్పాలి, చెబితే ఆయన తిట్టకూడదు.

ఔషధ నియంత్రణ అధికారులు నెలకోసారైనా సంతల్లో శాంపిళ్లు తీయాలి. కర్నూలు, కడప, అనంతపురం పెద్దాసుపత్రుల్లో ఇలాంటి దీర్ఘరోగులకు ఒకే పుస్తకం ఇచ్చి, రెండు వైద్యాల డాక్టర్లూ అందులోనే రాసే ఏర్పాటు చేయాలి.

అమ్మ మళ్లీ సోమవారం సోమవారం మాత్ర వేసుకుంటోంది. పొడి అమ్మినాయన మొన్నటి సంతలోనూ అదే చింతచెట్టు కింద కూర్చున్నాడు.

– ఒక పాఠకుడు, అనంతపురం