కూతకు వెళ్ళే పిల్లల పళ్ళకు కాపు ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారములు.

పాఠశాల క్రీడల ఎంపిక పోటీలు మొదలయ్యే లోపల అధికారుల దృష్టికి రావలసిన విషయం కాబట్టి, ఆటల్లో పళ్ళకు తొడిగే కాపు, అంటే మౌత్‌గార్డు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కడప జిల్లాలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 30 ఏళ్ళకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే కబడ్డీ పోటీలకు అంపైరుగా వెళుతుంటాను. అలా వెళ్ళిన ఒక పోటీలో, కూతకు వచ్చిన ఎనిమిదో తరగతి అబ్బాయిని నలుగురు కలిసి పట్టినప్పుడు ఒకరి మోకాలు వాడి మూతికి తగిలి, పై వరుసలోని ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు మంచి ఉద్దేశంతోనే ఆ పన్నును బోరింగు దగ్గర సబ్బు పెట్టి రుద్ది కడిగి, కాగితంలో చుట్టి వాడి చేతిలో పెట్టారు. ప్రొద్దుటూరులో దంత వైద్యుడి దగ్గరికి చేరేసరికి మూడు గంటలు దాటింది. వేరును అంటిపెట్టుకొని ఉండే సన్నని పొర రుద్దడంలో కొంత పోయి, మిగిలింది ఎండిపోయిందనీ, ఇక ఆ పన్ను నిలవదనీ ఆయన చెప్పారు. దవడ ఎదుగుదల పూర్తయ్యేదాకా ఇంప్లాంటు (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) కూడా పెట్టరు కాబట్టి, ఆ పిల్లవాడు ఇంకా కొన్నేళ్ళపాటు తీసి పెట్టుకొనే కట్టుడు పన్నుతో గడపవలసిందే. కడిగినవాళ్ళను తప్పుపట్టలేను, ఈల పట్టుకొని నిలబడిన నాకూ ఆ రోజు వరకు ఈ సంగతి తెలియదు.

బాక్సింగ్‌లో మౌత్‌గార్డు లేనివాడిని రింగులోకి దిగనివ్వరు. తైక్వాండోలోనూ అది తప్పనిసరి. కబడ్డీ కోర్టు దగ్గర మాత్రం గోళ్ళు కత్తిరించుకున్నారా లేదా అని చేతులు తిప్పి చూస్తామే కాని, నోట్లో ఏముందో అడిగేవాళ్ళు లేరు. ఆ సంఘటన తర్వాత నేనే నా సొంత డబ్బుతో క్రీడా సామగ్రి అంగడిలో నాలుగు మౌత్‌గార్డులు కొని పిల్లలకిచ్చాను. వేడినీళ్ళలో మెత్తబరచి, నోట్లో పెట్టుకొని కొరికితే పళ్ళ ఆకారానికి వస్తుందని చెప్పే రకం అది. రెండు రోజులు తిరక్కముందే నలుగురూ వాటిని సంచిలో పడేశారు. కారణం అడిగితే ఒక అబ్బాయి, "కూత రావడం లేదు సార్" అన్నాడు.

ఆ మాటలోనే అసలు సమస్య అంతా ఉంది. 30 సెకన్ల దాడిలో ఆటగాడు ఆపకుండా, అంపైరుకు స్పష్టంగా వినిపించేలా కబడ్డీ కబడ్డీ అంటూనే ఉండాలి; కూత తెగినా, నోట్లో నలిగినా వెనక్కి పంపవలసిన బాధ్యత మాది. పళ్ళకు వదులుగా ఉండే మౌత్‌గార్డు జారిపోకుండా దవడ బిగించి పట్టుకోవాలి. దవడ బిగిస్తే కూత లేదు, కూత పెడితే అది ఊడిపడుతుంది. పైగా గట్టిగా కొరికినచోట ఆ రబ్బరు పలచబడి, దెబ్బ తగిలే వేళకు ఉండీ లేనట్టే అవుతుంది.

దంత వైద్యులు కొలత తీసి చేసే మౌత్‌గార్డు సంగతి వేరు. మెత్తని ముద్ద నింపిన ట్రేను పై పళ్ళకు కొద్ది నిమిషాలు అదిమి అచ్చు తీసి, ఆ అచ్చులో నీళ్ళు కలిపితే గట్టిపడే రాతిపొడి (డెంటల్ స్టోన్) పోసి పళ్ళ నమూనా తయారుచేసి, దాని మీద వేడిచేసిన ఈవీఏ అనే మెత్తని ప్లాస్టిక్ రేకును గాలి లాగే యంత్రంతో అతికించి, అంచులు కత్తిరించి నునుపు చేస్తారు. ముందు పళ్ళ మీద సుమారు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దవడ బిగించకపోయినా అది పళ్ళను పట్టుకొని ఉంటుంది కాబట్టి ఊపిరికి, మాటకు అడ్డు తక్కువ. మొదటి నాలుగైదు రోజులు మాట కొంచెం ముద్దగా వస్తుంది, సాధన చేస్తే సర్దుకుంటుంది. దెబ్బ బలాన్ని ఒక్క పన్ను మీద పడనీయకుండా వరుసంతటికీ పంచుతుంది, పెదవి పళ్ళకు తగిలి చిట్లకుండా అడ్డుపడుతుంది, గడ్డం కింద దెబ్బ తగిలినప్పుడు కింది పళ్ళు పై పళ్ళను ఢీకొనకుండా మెత్తగా నిలుస్తుంది. మెదడు దెబ్బలను కూడా ఆపుతుందని కొందరు అమ్మకందారులు చెప్పే మాటకు గట్టి ఆధారం లేదు. పళ్ళ వరకు చేసే మేలే మనకు చాలు.

నా విన్నపం ఇదీ. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అదే ఊళ్ళో క్రీడా పాఠశాల కూడా ఉంది. పళ్ళ అచ్చులు తీయడం దంత కళాశాల విద్యార్థులు నిత్యం నేర్చుకొనే పని. జిల్లా స్థాయికి ఎంపికైన కబడ్డీ, హాకీ, బాక్సింగ్ పిల్లలకు ఒక రోజు శిబిరం పెట్టి అచ్చులు తీసి, పోటీలకు ముందు మరో రోజు తొడిగి చూసి ఇవ్వడం ఆ కళాశాలకు మోయలేని భారం కాదు. ముందుగా ఎత్తుపళ్ళున్న పిల్లలతో మొదలుపెట్టాలి, ఎందుకంటే దెబ్బ మొదట తగిలేది వాళ్ళ పళ్ళకే. పక్కన అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని పల్లె పిల్లలు హాకీ కర్ర పట్టారు. వాళ్ళకూ ఇదే అవసరం.

ఖర్చు ఎవరిస్తారని అడుగుతారు. సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద ఉన్నత పాఠశాలకు క్రీడా సామగ్రి కోసం ఏటా 25,000 రూపాయల వరకు కేటాయించే వీలుంది. బంతులు, నెట్లు కొనే ఆ డబ్బులో రేకుకు, రాతిపొడికి కూడా అనుమతిస్తే సరిపోతుంది. పదమూడేళ్ళ లోపు పిల్లలకు కొత్త పళ్ళు వస్తూనే ఉంటాయి కాబట్టి ఏటేటా మళ్ళీ కొలత తీయక తప్పదన్నది నిజమే; బూట్లు కూడా పాదం పెరిగితే మారుస్తున్నాం కదా. మన ఎండల్లో బండి డిక్కీలోనో రేకుల గది కిటికీలోనో వదిలేస్తే మౌత్‌గార్డు వంకరపోతుందని, చన్నీళ్ళతో కడిగి డబ్బాలో పెట్టుకోవాలని పిల్లలకు చెప్పి ఇవ్వాలి.

ఇవన్నీ జరిగేలోగా, వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణలో ఒక్క విషయం చేర్చమని విద్యాశాఖను కోరుతున్నాను. ఊడింది శాశ్వత పన్ను అయితే వేరును ముట్టుకోకుండా తెల్లని భాగం పట్టుకొని తీయాలి. మట్టి అంటితే రుద్దకుండా నీళ్ళతో ఒక్కసారి కడిగి, వీలైతే చిగురులో అది ఊడిన గుంటలోనే పెట్టాలి, లేకపోతే చల్లని పాలలో వేసి అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలో దంత వైద్యుడి దగ్గరికి చేర్చాలి. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు. మన ఊళ్ళలో ఏ గ్రౌండు పక్కన చూసినా టీ అంగడి ఉంటుంది కాబట్టి పాలకు కొదవ లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
ప్రొద్దుటూరు, వైఎస్సార్ కడప జిల్లా.