మంచుమనిషి కదలడం మానేశాక

ఒరేయ్ శీనూ,

ఉత్తరం ఆలస్యమైంది, క్షమించరా. అమ్మ మోకాలు ఫర్వాలేదు, ఇల్లు మారే సంగతి ఇంకా తేలలేదు. ముందు నీ మాటకి జవాబు: "వినోద పార్కులో కొత్త రైడ్ కొన్నాక, దాని చుట్టూ కొండలూ గుహల్లాంటి బొమ్మలకి డబ్బు తగలెయ్యడమెందుకు?" అన్నావే!

నీ మనసులో ఉన్నది చవితి పందిట్లో థర్మోకోల్ గుహ. నేననేది అది కాదు. ఇంగ్లండ్‌లో ఆల్టన్ టవర్స్ అనే వినోద పార్కు చూడు. అక్కడ చెట్ల తలల్ని మించి కట్టకూడదు. అందుకే 1994లో నెమెసిస్ అనే రోలర్ కోస్టర్ కోసం రాతిని పేల్చి గొయ్యి తవ్వారు. వేగం గంటకి 80 కిలోమీటర్లే. కానీ కాళ్లు వేలాడుతుంటే రాతిగోడ పక్కనుంచే దూసుకుపోతుంది, కింద ఎర్రనీళ్లు. దగ్గర్లో ఏదో ఒకటి వెనక్కి పోతుంటేనే కంటికి వేగం తెలిసేది. బయలు మైదానంలో అంతే వేగం చప్పగా ఉంటుంది.

కృత్రిమ రాయికైతే ఇనుప చువ్వలు వంచి, జాలీ కట్టి, సిమెంటు చిమ్ముతారు. గట్టిపడేలోపే పగుళ్లు చెక్కెయ్యాలి. ఆరాక లోతుల్లోకి పలచని ముదురు రంగు, ఉబ్బుల మీద పొడి బ్రష్‌తో లేత రంగు. వెనక నీళ్లు పోయే రంధ్రాలు వదలకపోతే తేమ చేరి చువ్వ తుప్పుపడుతుంది, ఉబ్బుతుంది, పైపొర పెళ్లలుగా రాలుతుంది.

అసలు బాధ ఇప్పుడు చెప్తా. ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ల ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్ అనే రోలర్ కోస్టర్, 2006లో తెరిచారు. అది తిరిగే కృత్రిమ కొండ 200 అడుగులకి కాస్త తక్కువ. 200 తాకితే విమానాల కోసం పైన ఎర్రదీపం పెట్టాలి, కొండ కొండలా ఉండదు. అంత శ్రద్ధ! లోపల 25 అడుగుల మంచుమనిషి (యెటి) బొమ్మ రైడ్‌లో వాళ్ల మీదికి చెయ్యి చాచాలి. కొంతకాలానికే అది కదలడం మానేసింది. మిణుకు లైట్లు కొట్టి కదులుతున్నట్టు చూపిస్తున్నారు. అభిమానులు పెట్టిన పేరు డిస్కో యెటి. ఎంత దిగులుగా ఉంటుందో!

అందుకే ఎక్కువే ఖర్చు పెట్టమంటాను, కానీ ఆగిపోని వాటి మీద. గొయ్యి ఆగిపోదు, గోడ ఆగిపోదు. కదిలేది పెడితే మెకానిక్ నిలబడే దారి, మోటారు ఎత్తే దూలం, విడిభాగాల డబ్బు మొదటి రోజే పక్కన పెట్టాలి. ఇక క్యూ... రైడ్ రెండు నిమిషాలు, నిలబడేది గంట. ఆ గంటని వదిలేసి... దీని గురించి చాలా రాయాలిరా, కానీ పోస్టు డబ్బా తీసేవాడు వచ్చేశాడు. ఉంటా.

నీ
రాంబాబు