కార్మిక శాఖ అధికారి గారికి బహిరంగ లేఖ: ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లూ కార్మికులే

గౌరవనీయులైన నెల్లూరు జిల్లా కార్మిక శాఖ అధికారి గారికి,

నమస్కారం. అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

మా వీధిలో ఆడవాళ్లు ఇంట్లోనే బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఏజెంట్ ఆకు తక్కువ తూచి ఇస్తాడు, లోటుకు ఆకు వీళ్లే కొనుక్కోవాలి. అప్పజెప్పేటప్పుడు బాగాలేవని కొన్ని కట్టలు పక్కన పెడతాడు. వాటికి కూలి ఇవ్వడు, బీడీలూ వెనక్కి ఇవ్వడు. బాగాలేనివాటితో ఆయనకేం పనో! పొగాకు పొడికి మా అమ్మకు దగ్గు పట్టుకుంది. పని, కూలి లెక్కలు రాసే పాస్‌బుక్ లేదు, పీఎఫ్ లేదు.

ఇంట్లో చుట్టేవాళ్లనూ కార్మికులుగా 1966 నాటి బీడీ కార్మికుల చట్టమే గుర్తించింది. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది.

దయచేసి ఏజెంట్ల తూకాలు తనిఖీ చేయించండి. చుట్టే ప్రతి ఒక్కరికీ పాస్‌బుక్, గుర్తింపు కార్డు ఇప్పించండి. ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఒక బీడీ కార్మికురాలి కొడుకు, నెల్లూరు