పాత కోడ్ పారేసే ముందు

గుంటూరు

అమ్మడూ,

రాత్రి నువ్వడిగినదానికి ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పబుద్ధి కాలేదు, అందుకే రాస్తున్నాను. పాత కోడంతా పక్కనపడేసి మైక్రోసర్వీసులుగా, అంటే నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే చిన్నచిన్న ప్రోగ్రాములుగా, మొదటి నుంచి రాద్దామంటున్నారుగా మీవాళ్లు. వద్దంటాను నేను.

నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ వాళ్లు 1998లో ఇదే పని చేశారు. 5.0 వెర్షన్ బయటికే రాలేదు. 2000 నవంబరులో 6.0 వచ్చేసరికి జనం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి అలవాటుపడిపోయారు. ఎంతో తెలివైనవాళ్లమ్మా ఆ నెట్‌స్కేప్ వాళ్లు.

మన మిర్చి యార్డు బిల్లింగ్ ప్రోగ్రామే తీసుకో. ఒకే రైతు తేజ రకం కాయతో పాటు తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) కూడా తెస్తే బిల్లు విడిగా కొట్టమనే షరతు ఒకటుంది అందులో. కొత్తగా చూసేవాళ్లకి అనవసరం అనిపిస్తుంది. తీసేస్తే మర్నాడు పొద్దున్నే కమిషన్ కొట్టు గుమస్తా ఫోన్ చేస్తాడు. ఆ షరతు ఏ కాగితం మీదా లేదు, కోడ్‌లోనే ఉంది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ గళ్లు పెట్టాల్సి వచ్చింది గానీ, పన్ను లెక్కంతా ఒక్క ప్రొసీజర్‌లోనే ఉండబట్టి మిగతా ప్రోగ్రామ్ జోలికి పోలేదు.

అంతా ఒకే ప్రోగ్రామ్‌గా ఉండే మోనోలిత్‌లోనూ ఇలా దేనికది విడిగా రాసుకోవచ్చు. మాడ్యూళ్ల (ప్రోగ్రామ్‌లోని భాగాల) మధ్య హద్దులు తేల్చుకోకుండా సర్వీసులుగా చీలిస్తే, ఇవాళ ప్రోగ్రామ్ లోపలే జరిగే ఫంక్షన్ కాల్ రేపు నెట్‌వర్క్ కాల్ అవుతుంది. టైమవుట్లు (వేళకి జవాబు రాకపోవడం), రీట్రైలు (మళ్లీ మళ్లీ అడగడం), రెండు డేటాబేసుల లెక్క కలవకపోవడం అన్నీ నీ నెత్తిన పడతాయి.

ముందు గిట్ లాగ్ (కోడ్‌లో జరిగిన మార్పుల చిట్టా) తీసి ఏ ఫైళ్లు మాటిమాటికీ మారుతున్నాయో చూడు. అవి ఇప్పుడు ఏం చేస్తున్నాయో, తప్పయినా సరే, ఉన్నదున్నట్టు టెస్టులు రాయి. తర్వాత ఒక్కో ముక్క కొత్తగా రాసి, పాతదాని పక్కనే నడిపి, రెండింటి జవాబులూ కలిశాకే పాతది తీసెయ్. సాఫ్ట్‌వేర్ మీద పుస్తకాలు రాసే మార్టిన్ ఫౌలర్ 2004లో ఈ పద్ధతికి స్ట్రాంగ్లర్ (గొంతు నులిమేది) అని పేరు పెట్టాడు. పొలంగట్ల మీద తాటిచెట్టును చుట్టుకుని పెరిగే మర్రిని చూశావుగా, అలాగన్నమాట.

ప్లాట్‌ఫామే ఆగిపోతే మాత్రం మార్చక తప్పదు. మన బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిన ఫాక్స్‌ప్రోకి కొత్త వెర్షన్ ఇక రాదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది, 2015లో సపోర్టూ ఆపేసింది. మన ప్రోగ్రామ్‌ని కూడా ఒక్కో భాగం చొప్పున పైథాన్‌లోకి తెస్తున్నాం. కాటా లెక్క అయింది, బిల్లులు ఇంకా పాతదాంట్లోనే.

నువ్వు టెన్షన్ పడకు. మీ మేనేజర్‌ని ముందు ఒక్క మాడ్యూల్‌కి ఒప్పించు చాలు. ఆ లాగ్ చూసి ఏ మాడ్యూలో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

నాన్న