సాంద్రత సరిపోయింది సరే, ఇన్సులేషన్ ఎక్కడ?

క్వాలిటీ విభాగం అధిపతి గారికి,
(కాపీ: సేల్స్ మేనేజర్ గారికి)

విషయం: మీరు చివరిసారి పంపిన ఇన్సులేటెడ్ ఐరన్ పౌడర్ (ప్రతి రేణువు మీద విద్యుత్ పారనివ్వని పొర ఉండే ఇనుప పొడి) లాటులో లోపం, దానిపై మీ సర్వీస్ విభాగం ఇచ్చిన జవాబు.

నమస్కారం.

మేము హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో సరుకు రవాణా ఎలక్ట్రిక్ ఆటోలకు మోటార్లు తయారు చేసే చిన్న సంస్థ. మా 4 కిలోవాట్ల యాక్సియల్ ఫ్లక్స్ మోటార్‌లో (అయస్కాంత ఫ్లక్స్ ఇరుసు దిశలో పారే రకం) స్టేటర్‌కు, అంటే తిరగని భాగానికి, 18 ముక్కలుంటాయి. అవన్నీ మీ పౌడర్‌ను ప్రెస్‌లో నొక్కి చేసినవే. పాత లాటుతో చేసిన మోటార్లు ఏ ఫిర్యాదూ లేకుండా రోడ్డు మీద తిరుగుతున్నాయి. కొత్త లాటుతో చేసినవి మాత్రం టెస్ట్ బెంచ్ దాటలేదు. మామూలుగా 112 డిగ్రీల దగ్గర నిలబడే వైండింగ్ ఉష్ణోగ్రత 150 దాటి ట్రిప్ అయింది. ఎఫీషియన్సీ 91 శాతం నుంచి 86కు పడింది.

ఈ సంగతి రాస్తే మీ సర్వీస్ విభాగం ఒక్క పేరాలో జవాబు పంపింది. సాంద్రత, బలం, ఫ్లో (పౌడర్ జారే తీరు) మూడూ స్పెసిఫికేషన్‌లోనే ఉన్నాయట. మోటార్ వేడెక్కడం డిజైన్ సమస్య కావచ్చట. నొక్కిన ముక్కలకు మేము చేసే హీట్ ట్రీట్‌మెంట్‌ను మేమే ఒకసారి సరిచూసుకోవాలట. ఆ జవాబును మేము ఒప్పుకోవడం లేదు. ఎందుకో వివరంగా చెప్పకపోతే మళ్లీ అలాంటి పేరానే ఇంకొకటి వస్తుంది కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు డిజైన్ అన్న మాట సంగతి. డ్రాయింగ్ మారలేదు, మాగ్నెట్లు మారలేదు, వైండింగ్ వైరు మారలేదు. కంట్రోలర్ మీద అనుమానం రాకుండా దాని తీగలు అసలు తగిలించనే లేదు. మా మోటార్‌ను ఇంకో మోటార్‌తో తిప్పించి, తిప్పడానికి ఎంత పవర్ పడుతుందో కొలిచాం. 3,000 ఆర్‌పీఎం దగ్గర పాత లాటు మోటార్‌కు 190 వాట్లు, కొత్త లాటు మోటార్‌కు 430 వాట్లు పట్టాయి. అంటే తేడా 240. అదే 1,000 ఆర్‌పీఎం దగ్గర తేడా 27 వాట్లే. వేగం మూడింతలైతే తేడా దాదాపు తొమ్మిదింతలైంది. హిస్టెరిసిస్ (ఇనుములో అయస్కాంత దిశ మారినప్పుడల్లా పోయే శక్తి) అలా పెరగదు, బేరింగ్ రాపిడీ అలా పెరగదు. వేగానికి వర్గంగా పెరిగేది ఎడ్డీ కరెంట్ నష్టం, అంటే ఇనుము లోపలే సుడులు తిరిగే కరెంట్ వల్ల పోయే శక్తి. లోడ్ లేదు, వైండింగ్‌లో కరెంట్ లేదు. ఇక మిగిలింది ఇనుమే.

ఇక్కడితో ఆగి మీకు రాసి ఉండొచ్చు. కానీ మోటార్‌లో ఇంకా చాలా భాగాలుంటాయి, వాటిలో దేని మీదికైనా నెట్టేయొచ్చు. అందుకని మోటార్‌ను పక్కనపెట్టి పౌడర్ ఒక్కదాన్నే పరీక్షించాం. పాత లాటులో సగం డ్రమ్ము మిగిలి ఉండటం ఇందుకు పనికొచ్చింది. రెండు లాట్ల నుంచీ 55 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 45 లోపలి వ్యాసం, 5 ఎత్తు ఉన్న రింగులు నొక్కించాం. డై ఒకటే, ప్రెస్ ఒకటే, ఒత్తిడి 800 మెగాపాస్కల్స్ రెండింటికీ ఒకటే. మీ డేటా షీట్ చెప్పినట్టు 500 డిగ్రీల దగ్గర హీట్ ట్రీట్‌మెంట్ చేశాం. రెండు లాట్ల రింగులనూ ఒకే ట్రేలో, ఒకదాని పక్కన ఒకటి పెట్టాం. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్‌ను ఓవెన్ గోడకు కాదు, ట్రేకే తగిలించాం. మా ఓవెన్ తప్పే అయితే పాత లాటు రింగులు కూడా చెడిపోయి ఉండాలి. అవి చెక్కుచెదరలేదు. కాబట్టి హీట్ ట్రీట్‌మెంట్ అన్న మాటను మీరు వెనక్కి తీసుకోవాలి.

రింగుల కోర్ లాస్‌ను (మారే అయస్కాంత క్షేత్రంలో ఇనుములో పోయే శక్తిని) అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60404-6 పద్ధతిలో 1 టెస్లా దగ్గర కొలిచాం. 100 హెర్ట్జ్ దగ్గర పాతదానికి కిలోకు 10 వాట్లు, కొత్తదానికి 11. అక్కడ ఆగిపోతే ఎవరికైనా రెండూ ఒకటే అనిపిస్తుంది. 500 హెర్ట్జ్ దగ్గర 56కు 78. 1,000 దగ్గర 130కి 216. ఈ నష్టాన్ని ఫ్రీక్వెన్సీతో భాగించి గ్రాఫ్ గీస్తే రెండు సరళరేఖలు వస్తాయి. సున్నా హెర్ట్జ్ వైపు పొడిగిస్తే రెండూ కిలోకు 0.095 జూల్ చుట్టుపక్కలే కలుస్తాయి. అంటే హిస్టెరిసిస్ మారలేదు, లోపలి ఇనుము మంచిదే. వాలు మాత్రం మూడింతలు దాటింది. వాలు అంటే ఎడ్డీ కరెంట్. రేణువుకూ రేణువుకూ మధ్య ఉండాల్సిన పొర తన పని చేయడం లేదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే పరీక్ష మాకు తెలియదు. అయినా నాలుగు మొనల ప్రోబ్‌తో రెసిస్టివిటీ (కరెంట్‌ను పదార్థం ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) కూడా చూశాం. పాత రింగుల్లో 400 మైక్రో ఓమ్-మీటర్లు. కొత్త లాటులో మూడు డ్రమ్ముల పౌడర్‌కు 25 దగ్గర, మిగతా డ్రమ్ములకు 60 నుంచి 180 మధ్యలో వచ్చింది. పైన చెప్పిన కోర్ లాస్ అంకెలు ఆ 25 వచ్చిన రింగులవే. బెంచ్ మీద వేడెక్కిన మోటార్లలో ఉన్నదీ ఆ మూడు డ్రమ్ముల పౌడరే.

రింగులో నష్టం రెండింతలు కూడా కాలేదు కదా, మోటార్ అంతగా ఎందుకు వేడెక్కుతుందని మీ ఇంజనీర్లు అడగొచ్చు. రింగు అడ్డుకోత 5 మిల్లీమీటర్లు. మా స్టేటర్ ముక్క అతి సన్నని చోట కూడా 12 మిల్లీమీటర్లు ఉంటుంది. రేణువుల మధ్య పొర గట్టిగా ఉన్నప్పుడు ఎడ్డీ కరెంట్ ఏ రేణువులో ఆ రేణువులోనే తిరుగుతుంది, ముక్క ఎంత మందమన్నది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. పొర పోతే కరెంట్ ముక్క మొత్తాన్నీ చుట్టి వస్తుంది. అప్పుడు ఆ భాగం నష్టం మందానికి వర్గంగా పెరుగుతుంది. 5కు 12 అంటే దాదాపు ఆరింతలు. అందుకే మీ ల్యాబ్‌లో చిన్న రింగు మీద తక్కువ ఫ్రీక్వెన్సీలో చూస్తే ఏమీ కనబడదు, మా దగ్గర మాత్రం మోటార్ వేడెక్కి ట్రిప్ అవుతుంది. మా మోటార్‌లో పది జతల పోల్స్ ఉన్నాయి కాబట్టి 3,000 ఆర్‌పీఎం అంటే 500 హెర్ట్జ్. ఈ విషయం మొదటి ఆర్డర్‌కు ముందే మీకు రాసి ఇచ్చాం.

మన ఊళ్లలో బోరు మోటార్లు రీవైండింగ్ చేసేవాళ్లకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. పాత వైండింగ్ ఊడదీయడానికి స్టేటర్‌ను మంటలో పెడితే స్టాంపింగుల (పేర్చిన పల్చటి ఉక్కు రేకుల) మధ్య వార్నిష్ కాలిపోతుంది. తర్వాత ఎంత బాగా చుట్టినా ఆ మోటార్ ఖాళీగా తిరుగుతూనే వేడెక్కుతుంది. మీరు పంపిన ఈ లాటు మంటలో పెట్టి తీసిన స్టేటర్ లాంటిది. తూకానికి, కొలతకు, చేతికి తేడా తెలియదు.

నిజానికి నా కోపమంతా మీ టెస్ట్ సర్టిఫికెట్ మీద. అందులో సాంద్రత 7.45, వంపు బలం, ఫ్లో టైమ్ ఉన్నాయి. ఇవన్నీ గేర్లు, బుష్‌లు చేసేవాళ్లకు కావలసినవి. వాళ్లు పౌడర్‌ను నొక్కి 1,120 డిగ్రీల దగ్గర సింటర్ చేస్తారు, రేణువులు ఒకదానికొకటి అతుక్కోవడమే వాళ్లకు కావాలి. మాకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. మామూలు ఐరన్ పౌడర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర పెట్టి మేము కొంటున్నది ఇనుమును కాదు, ఆ రేణువుల మీద ఉండే మైక్రాన్ కంటే పల్చని పొరను. ఆ పొర గురించి మీ సర్టిఫికెట్‌లో ఒక్క అంకె కూడా కొలిచింది లేదు. కోర్ లాస్ గడిలో "టిపికల్" అని రాసి బ్రోషర్‌లోని అంకె దించారు. పాత లాటు సర్టిఫికెట్‌ను, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. సాంద్రత కూడా దశాంశ స్థానాలతో సహా ఒకటే. లాటు నంబరు, తేదీ తప్ప ఏమీ మారలేదు. కొలిచి రాశారా, పాత ఫైలునే మళ్లీ ప్రింట్ తీశారా అన్నది మీరే చెప్పాలి.

మొదట్లో మీ సేల్స్ ప్రతినిధి మా షెడ్డుకు వచ్చి, 2021లో మెర్సిడెస్-బెంజ్ కొనుక్కున్న బ్రిటన్ కంపెనీ యాసా మోటార్ల గురించి చాలాసేపు చెప్పారు. ఆ మోటార్ల స్టేటర్‌లోనూ ఇలాంటి పౌడర్ ముక్కలే ఉంటాయన్నారు. నిజమే, ఆ మాట విని మేమూ సంబరపడ్డాం. లామినేషన్ స్టాంపింగులతో మూడు దిక్కులా ఫ్లక్స్ పారే ఆకారం చేయడం మా లాంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. పౌడర్‌కు పర్మియబిలిటీ (ఫ్లక్స్‌ను పారనిచ్చే గుణం) తక్కువని, పెళుసుగా ఉంటుందని తెలిసీ, దానికి తగ్గట్టే డిజైన్ చేసుకున్నాం. ఆ లోపాలు పదార్థం సహజ గుణాలు, వాటి మీద మాకు ఫిర్యాదు లేదు. లాటుకూ లాటుకూ ఇన్సులేషన్ మారిపోతే మాత్రం దానికి తగ్గట్టు డిజైన్ చేయడం ఎవరి వల్లా కాదు.

కారణం ఏమై ఉంటుందో మా అంచనా చెబుతాం, తప్పో ఒప్పో మీరు రికార్డులు చూసి తేల్చండి. డ్రమ్ముకూ డ్రమ్ముకూ ఇంత తేడా ఉందంటే కోటింగ్ మొత్తంగా పల్చబడినట్టు లేదు. నింపే చోట మామూలు ఐరన్ పౌడర్ కలిసిందని అనుమానం. ఒకే లైన్‌లో రెండు రకాలూ నింపుతూ మధ్యలో సరిగా శుభ్రం చేయకపోతే ఇలా జరగొచ్చు. లేదా లూబ్రికెంట్ కలిపేటప్పుడు మిక్సర్‌ను ఎక్కువసేపు తిప్పడంతో పొర గీసుకుపోయి ఉండొచ్చు. ఆ లాటు నింపిన రోజున అంతకు ముందు ఆ లైన్‌లో ఏ గ్రేడ్ నడిచిందో, మిక్సింగ్ ఎంతసేపు జరిగిందో మాకు రాతపూర్వకంగా కావాలి.

ఇక మాకు కావలసినవి. వాడని డ్రమ్ములన్నీ మీ ఖర్చుతో వెనక్కి తీసుకెళ్లాలి. వాడేసిన పౌడర్‌తో సహా లాటు మొత్తం విలువకు జీఎస్‌టీ చట్టం 34వ సెక్షన్ ప్రకారం క్రెడిట్ నోట్ ఇవ్వాలి. దీనికి బదులుగా వచ్చే లాటులో ప్రతి డ్రమ్ము నుంచి రింగు నొక్కి, రెసిస్టివిటీని, 1 టెస్లా దగ్గర 100, 500, 1,000 హెర్ట్జ్ కోర్ లాస్‌ను కొలిచి, ఆ అంకెలతోనే సర్టిఫికెట్ పంపాలి. "టిపికల్" అన్న మాట ఉన్న కాగితాన్ని ఇకమీదట మా స్టోర్స్ తీసుకోదు, సరుకు గేటు దగ్గరి నుంచే వెనక్కి వస్తుంది. ప్రెసింగ్ జాబ్ వర్కుకు, పాడైన ముక్కల చుట్టూ చుట్టిన రాగికి, ఆగిపోయిన డెలివరీకి మాకైన ఖర్చు లెక్క బిల్లులతో సహా జతపరిచాం. దాని మీద మాట్లాడుకోవడానికి సిద్ధం. మొదటి రెండింటి మీద బేరం లేదు.

మా కొలతల మీద నమ్మకం లేకపోతే మూడో చోట పరీక్ష పెట్టించుకోండి. పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ మా ఊళ్లోనే, బాలాపూర్‌లో ఉంది. అక్కడైనా, ఇద్దరికీ సమ్మతమైన ఇంకో ల్యాబ్‌లోనైనా సరే. శాంపిల్స్ మాత్రం మీ మనిషి, మా మనిషి ఇద్దరూ ఉండగా, ప్రతి డ్రమ్ము పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తీయాలి. ఒక్క మంచి డ్రమ్ము మూత తీసి చూపించి ఫైలు మూసేస్తే కుదరదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా జవాబు రాకపోతే లాయర్ ద్వారా నోటీసు పంపుతాం. మీరు మొదట పంపిన శాంపిల్ చూసి, దాన్ని ఆమోదించి ఇచ్చిన ఆర్డర్ ఇది. 1930 సరుకుల విక్రయ చట్టం 17వ సెక్షన్ ప్రకారం సరుకు శాంపిల్‌తో సరిపోవాలి, పైకి చూస్తే తెలియని లోపం లోపల ఉండకూడదు. మీతో తగువు మాకు ఇష్టం లేదు. ఈ పౌడర్ ఇచ్చేవాళ్లు దేశంలో ఎందరున్నారో మీకూ తెలుసు, మాకూ తెలుసు. అంతమాత్రాన ఏది పంపినా తీసుకుంటామనుకోవద్దు.

డ్రమ్ములకు మళ్లీ సీలు వేసి, తేమ తగలకుండా సిలికా జెల్ పెట్టి స్టోర్స్‌లో విడిగా ఉంచాం. రింగులు, గ్రాఫులు, బెంచ్ రీడింగులు, రెండు సర్టిఫికెట్ల నకళ్లు కొరియర్‌లో పంపుతున్నాం. లారీ ఏ రోజు వస్తుందో ముందురోజు ఫోన్ చేసి చెబితే మనుషులను సిద్ధంగా ఉంచుతాం. ఆదివారం మాత్రం వద్దు, షెడ్డు మూసి ఉంటుంది.

ఇట్లు,
మోటార్ డిజైన్ విభాగం,
చర్లపల్లి, హైదరాబాద్