ప్రమాణానికీ పాస్‌పోర్టుకీ మధ్య: విదేశాంగ మంత్రి గారికి ఒక కూతురి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్లో పుట్టాను. చాలా ఏళ్లుగా అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ పక్కన ఉంటున్నాను. 2023 జూన్‌లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. జులైలో మా నాన్న పోయారు. ఆ రోజుకి నా దగ్గర పనికొచ్చే పాస్‌పోర్టు ఏ దేశానిదీ లేదు. ఆ మధ్యకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పుకోవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఓత్, అంటే పౌరసత్వ ప్రమాణం, తీసుకునే రోజున హాల్లోకి పంపే ముందు అందర్నీ వరసలో నిలబెట్టి గ్రీన్ కార్డులు వెనక్కి తీసుకుంటారు. నా కార్డు తీసుకున్నావిడ దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసింది. అప్పటికే ఆ డబ్బా సగం నిండి ఉంది. తర్వాత అందరం చెయ్యెత్తి ప్రమాణం చేశాం. రెండు మూడు నిమిషాల పని. బయటికొచ్చేటప్పుడు చేతిలో నాచురలైజేషన్ సర్టిఫికెట్ ఒక్కటే ఉంది. అది పౌరసత్వానికి రుజువు, అంతే. దాన్ని పట్టుకుని విమానం ఎక్కలేం.

మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మరో దేశపు పౌరసత్వాన్ని కోరి తీసుకున్న వాళ్లకు భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరూ రద్దు చేయక్కర్లేదు. బీరువాలో ఉన్న నా భారత పాస్‌పోర్టు మీద 2027 దాకా గడువుంది. కానీ నేను చెయ్యి దించేసరికే అది చెల్లని పుస్తకమైపోయింది. ఆ తర్వాత దాన్ని వాడితే నేరం. ఇవన్నీ నాకు ముందే తెలుసు, తెలియదని సాకు చెప్పను. తెలియనిదల్లా ఒక్కటే, కొత్త పాస్‌పోర్టు వచ్చేదాకా ఇంట్లో చావు కబురు వస్తే ఏం చెయ్యాలో.

మరుసటి వారమే ఇక్కడ మేముండే ఊరి లైబ్రరీ కౌంటర్‌లో అమెరికా పాస్‌పోర్టుకి దరఖాస్తు ఇచ్చాను. ఆ దరఖాస్తుతో పాటు నాచురలైజేషన్ సర్టిఫికెట్ అసలుది పంపాలి. పంపాను. కరోనా తర్వాత ప్రయాణాల తాకిడి ఎక్కువై, ఆ వేసవిలో మామూలు దరఖాస్తుకి 10 నుంచి 13 వారాలు పడుతుందని అమెరికా విదేశాంగ శాఖే ప్రకటించింది. నాన్నకి అప్పటికి ఏ జబ్బూ లేదు. సెప్టెంబరు దాకా ఆగుదాంలే అనుకున్నాను.

జులైలో ఒక శుక్రవారం తెల్లవారుజామున నాన్నకి గుండెపోటు వచ్చింది. నాకది గురువారం సాయంత్రం. తెనాలి తీసుకెళ్లేసరికే అయిపోయిందని బాబాయి కొడుకు ఫోన్ చేశాడు.

షికాగోలో ఉండే మా తమ్ముడికి అప్పటికి గ్రీన్ కార్డే ఉంది. భారత పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని దొరికిన మొదటి విమానం ఎక్కాడు. ఆదివారం తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగి, మధ్యాహ్నానికి ఇంటికి చేరాడు. వాడి కోసం నాన్నని రెండు రోజులు ఐస్ బాక్సులో ఉంచారు. నాకోసం ఎన్నాళ్లుంచాలో నేనే చెప్పలేకపోయాను. "అక్క వచ్చేదాకా ఆపుదామా?" అని వాడు అడిగితే, ఎప్పటికొస్తానో తెలియదురా, కానిచ్చేయండి అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను మంత్రి గారూ.

దహనం వాట్సాప్‌లో చూశాను. ఫోన్ పట్టుకున్న కుర్రాడు కూడా ఏడుస్తున్నాడేమో, చెయ్యి వణికి ఫోన్ పక్కకి ఒరిగిపోయేది. చాలాసేపు నాకు కనబడింది జనం కాళ్లు, తడిసిన మట్టి, తమ్ముడి భుజం మీది కుండ అడుగు భాగం. కుండకి చిల్లులు పెట్టి నీళ్లు కారుతుంటే మూడు చుట్లు తిరుగుతాడు కదా, ఆ నీటి ధార చూసి లెక్కపెట్టుకున్నాను. నాన్న ముఖం మాత్రం కనబడలేదు.

ఇక కాగితాల సంగతి. అమెరికా నియమాల్లో దగ్గరి బంధువు చనిపోయినా, చావుబతుకుల్లో ఉన్నా పాస్‌పోర్టు ఆఫీసులో అత్యవసర అపాయింట్‌మెంట్ ఇచ్చే పద్ధతి ఉంది. రుజువు అడుగుతారు. ఇంగ్లిష్‌లో, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద కావాలి. ఇంటి దగ్గర అంత ఏడుపులో బాబాయి కొడుకు మళ్లీ తెనాలి వెళ్లి, డ్యూటీ డాక్టర్ని బతిమాలి, నాలుగు వాక్యాలు రాయించి పంపాడు. శని, ఆదివారాలు అడ్డొచ్చి సోమవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. పెండింగ్‌లో ఉన్న నా ఫైలు బయటికి తీసి, మంగళవారం మధ్యాహ్నం పాస్‌పోర్టు చేతిలో పెట్టారు. అప్పటికి ఐదో రోజు.

అక్కడి నుంచి నా పని మన దేశంతో. చావు కబురుకి కాన్సులేట్లలో అత్యవసర వీసా ఉంటుందని విని ఫోన్ చేశాను. అవతలి గొంతు మర్యాదగానే మాట్లాడింది. పుట్టుకతో భారతీయురాలివి కాబట్టి ముందు పాత పాస్‌పోర్టు సరెండర్ చేసిన కాగితం చూపించమంది. కొత్త పాస్‌పోర్టు వచ్చాక చేద్దామని నేనింకా ఆ దరఖాస్తే పెట్టలేదు. అది పెడితే ఎన్ని రోజులవుతుందని అడిగితే, వారాల్లో చెప్పింది. ఇక మిగిలింది ఈ-వీసా. రావడానికి కనీసం నాలుగు రోజుల ముందు దరఖాస్తు చేసుకోమని అందులో ఉంటుంది.

ఆ మంగళవారం రాత్రి దరఖాస్తు నింపుతూ కూర్చున్నాను. తండ్రి పేరు, ఆయన పుట్టిన ఊరు, ఆయన జాతీయత రాయాలి. రాశాను. ఒంటి మీద గుర్తింపు చిహ్నాలు రాయాలి. పదో తరగతి సర్టిఫికెట్ మీద మా హెడ్‌మాస్టర్ గారు రాసిన కుడి చేతి పుట్టుమచ్చనే రాశాను. ఇండియాలో తెలిసినవాళ్ల చిరునామా కావాలి. మా ఇంటిదే ఇచ్చాను. పేరు దగ్గర ఇన్నాళ్ల అలవాటు కొద్దీ నాన్న పేరు రాసి, కొట్టేసి, అమ్మ పేరు రాశాను. చివరికి వచ్చిన పని ఏమిటో చెప్పాలి. ఉన్నవాటిలో విహారం ఉంది, బంధుమిత్రుల్ని కలవడం ఉంది, యోగా శిక్షణ ఉంది. తండ్రి చనిపోయాడని చెప్పుకునే గడి లేదు. బంధుమిత్రుల్ని కలవడం అని నొక్కాను.

వీసా శుక్రవారం సాయంత్రం వచ్చింది. శనివారం విమానం, సోమవారం తెల్లవారుజామున హైదరాబాద్. కారులో ఊరు చేరేసరికి పెద్దకర్మకి వంటలు దించుతున్నారు. పదకొండో రోజు. అస్థికల కుండని శ్మశానం పక్క చెట్టుకి కట్టి ఉంచారట, అక్క వచ్చాకే కలుపుదామని తమ్ముడు పట్టుబట్టాడట. ఆ సాయంత్రం కృష్ణలో కలిపాం. నాకు దక్కింది అంతే.

మీ శాఖలో ఎవరో ఒక ఉద్యోగి తప్పు చేశారని నేను అనడం లేదు. ఎవరి పని వాళ్లు నియమం ప్రకారమే చేశారు. నా బాధల్లా, పాత పాస్‌పోర్టు ఇంకా సరెండర్ చెయ్యని నాలాంటివాళ్లకి నియమంలోనే చావుకి చోటు లేకపోవడం. అమెరికా దగ్గర ఐదు రోజులు పోయాయి, నిజమే, కానీ ఆ దేశం చావు అనే మాట తన నియమాల్లో రాసి పెట్టుకుని, ఆ కాగితం చూడగానే ఫైలు కదిలించింది. నేను పుట్టిన దేశం నన్ను మామూలు పర్యాటకురాలి వరసలో నిలబెట్టింది.

పాత పాస్‌పోర్టుతో వెళ్లిపొమ్మని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. గడువుంది కదా, ఇమిగ్రేషన్‌లో ఎవరికి తెలుస్తుందన్నారు. నేనలా చేయలేదు. మా నాన్న స్కూలు మాస్టారు. రిటైరయ్యాక ఊళ్లోవాళ్లకి రేషన్ కార్డుల నుంచి పాస్‌పోర్టుల దాకా దరఖాస్తులు నింపి పెట్టేవారు. "తెలియకపోతే ఖాళీ వదిలెయ్, అబద్ధం మాత్రం రాయకు" అనేవారు ప్రతివాళ్లతో. ఆయన్ని చూడటానికి దొంగ కాగితంతో వెళ్లలేకపోయాను. కానీ ప్రతి మనిషికీ ఆ సమయంలో అంత నిబ్బరం ఉండదు మంత్రి గారూ. నిజాయితీగా వెళ్లే దారి తెరిచి ఉంచకపోతే, నేరమని తెలిసీ కొందరు తప్పుదారి పడతారు.

దారి వెయ్యడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదనుకుంటాను. 1967 పాస్‌పోర్టుల చట్టం చదివాను. 4వ సెక్షన్‌లో పాస్‌పోర్టులతో పాటు, ఇండియాలోకి రావడానికి అనుమతించే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఉంది, మనిషెవరో చెప్పే గుర్తింపు సర్టిఫికెట్ ఉంది. 20వ సెక్షన్ ఇంకా స్పష్టంగా చెబుతుంది: ప్రజాప్రయోజనం దృష్ట్యా అవసరమని కేంద్రం భావిస్తే, భారత పౌరుడు కాని మనిషికి కూడా ప్రయాణ పత్రం ఇవ్వొచ్చు. దాన్ని ఎవరి కోసం, ఎప్పుడు వాడాలో నిర్ణయించే అధికారం మీ ప్రభుత్వానిదే.

ఇంకోటి. జపాన్, దక్షిణ కొరియా, యూఏఈ పౌరులకి హైదరాబాద్‌తో సహా కొన్ని విమానాశ్రయాల్లో దిగాక వీసా ఇచ్చే ఏర్పాటు ఇప్పటికే ఉంది. కౌంటరుంది, మనుషులున్నారు. తల్లో, తండ్రో, కట్టుకున్నవాళ్లో, కన్నబిడ్డో పోయి పరిగెత్తుకొచ్చే పాత భారతీయులకి కూడా ఆ కౌంటర్‌ని తెరవండి. ఆసుపత్రి కాగితం, కొత్త పాస్‌పోర్టు, పాత భారత పాస్‌పోర్టు మూడూ అక్కడే చూపిస్తాం. పాతదాన్ని అక్కడే అప్పగించేస్తాం, రుసుమూ కడతాం. విమానయాన సంస్థ ఎక్కించుకోవడానికి కాన్సులేట్ నుంచి ఒక అనుమతి నంబరు చాలు. అది సెలవు రోజుల్లో కూడా ఇచ్చేలా ఉండాలి, ఎందుకంటే ఈ కబుర్లు శనివారం, ఆదివారం చూసుకుని రావు.

భద్రత సంగతి మీరు తప్పకుండా అడుగుతారు. నేను ముక్కూ మొహం తెలియనిదాన్ని కాదు కదా. నా ఫొటో, సంతకం, చిరునామా మీ శాఖ రికార్డుల్లో ఉన్నాయి. నా మొదటి పాస్‌పోర్టుకి వెరిఫికేషన్ కోసం మా ఇంటికొచ్చిన కానిస్టేబుల్‌కి అమ్మ మజ్జిగిచ్చింది కూడా. అంత తెలిసిన మనిషిని సరిచూసుకోవడానికి ఒక పూట చాలదా?

మాకంటే కష్టమైన స్థితిలో ఉన్నవాళ్లున్నారని తెలుసు. కొన్ని దేశాలు పాత పౌరసత్వం వదులుకున్న కాగితం తెస్తే తప్ప కొత్తది చేతికివ్వవు. మన దేశం కూడా, ఇక్కడి పౌరసత్వం కోరే విదేశీయుల్ని అదే అడుగుతుంది. పాకిస్తాన్ పాస్‌పోర్టులు 2017లోనే ఆ దేశ హైకమిషన్‌కి అప్పగించేసినా, అప్పటికి 21 ఏళ్లు నిండలేదన్న కారణంగా పౌరసత్వం వదులుకున్నట్టు సర్టిఫికెట్ రాక, ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోయిన ఇద్దరు అక్కాచెల్లెళ్ల కేసు కేరళ హైకోర్టు దాకా వెళ్లింది. అది హోం శాఖ చూసుకోవాల్సిన పని కావచ్చు. కానీ అలాంటివాళ్లకి ఆ మధ్యకాలంలో చేతిలో ఒక గుర్తింపు కాగితం ఉండేలా చూడటం మీ శాఖ పరిధిలోనిదే.

విదేశీ పౌరసత్వం తీసుకున్న మాలాంటి పాత భారతీయుల కోసం పెట్టిన ఓసీఐ కార్డులు తొలిసారి ఇచ్చింది మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ సభలో. జీవితాంతం వీసా లేకుండా రావచ్చని ఆ రోజు మా తరానికి మాటిచ్చారు. ఆ మాట నిలిచింది, నా కార్డు కూడా నాన్న పోయిన ఏడాది చివర్లో వచ్చింది. ఇప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్తున్నాను. ఆ కార్డుకి ముందుండే కొద్ది నెలల గురించే నా విన్నపమంతా.

కనీసం ఒక్క పని వెంటనే చేయొచ్చు. ఓత్‌కి వెళ్లే ముందే ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం చూసుకోమని, బాగోకపోతే తేదీ మార్చమని అడగొచ్చని, ఓత్ తర్వాత పాత పాస్‌పోర్టు పనికిరాదని, అత్యవసరమైతే ఫలానా నంబరుకి ఫోన్ చేయమని తెలుగులో, గుజరాతీలో, పంజాబీలో, మలయాళంలో రాసి ప్రతి కాన్సులేట్ వెబ్‌సైట్‌లో మొదటి పేజీలో పెట్టించండి. నాకెవరైనా ఈ నాలుగు మాటలు ముందే చెప్పి ఉంటే, కనీసం ఏ గుమ్మం తట్టాలో వెతుక్కుంటూ ఆ రాత్రి పోయేది కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, వచ్చే నెలలో మా తమ్ముడికి ఓత్. మొన్న అమ్మకి ఫోన్‌లో చెప్పాను, వాడికి కూడా కొన్ని వారాలు పాస్‌పోర్టు ఉండదని. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వాడికి ఆ పుస్తకం వచ్చేదాకా నేను జాగ్రత్తగా ఉంటాలేవే, మాత్రలు మానను" అంది.

ఇట్లు,
తెనాలి దగ్గర పుట్టిన ఒక స్కూలు మాస్టారి కూతురు